క్లోమం వాచినప్పుడు రక్తనాళాలను ఎవరు గమనిస్తూ ఉంటారు: విశాఖలోని ఒక గ్యాస్ట్రో వార్డుపై సమీక్ష

విశాఖపట్నంలో కడుపునొప్పితో ఆసుపత్రి మెట్లెక్కేవారికి ఎంపికలకు కొదవ లేదు. మహారాణిపేటలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర విమ్స్ ఉంది, రామ్‌నగర్ మొదలుకొని ఆరిలోవ హెల్త్ సిటీ దాకా ప్రైవేటు ఆసుపత్రులు ఎన్నో ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే కాక సరిహద్దు దాటి కొరాపుట్, రాయగడ వైపు నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. వాటిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలోని గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం గురించి ఈ సమీక్ష. మా తమ్ముడు అక్యూట్ ప్యాంక్రియాటైటిస్‌తో, అంటే ఉన్నట్టుండి వచ్చిన క్లోమశోథంతో, అక్కడ చేరాడు. ఆసుపత్రి పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసిన వాటితోపాటు తప్పుపట్టవలసినవి కూడా ఉన్నాయి. వారి జవాబు వినకుండా పేరు బయటపెట్టడం న్యాయం కాదనిపించింది.

ఆసుపత్రులను అంచనా వేసేటప్పుడు మనం సాధారణంగా గది శుభ్రతను, డాక్టర్ల మాటతీరును, బిల్లును చూస్తాం. ఈ జబ్బుకు అవి చాలవు. పారామెడికల్ విద్యార్థులకు చాలాకాలం ఫిజియాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాడిని కనుక, వార్డులో కూర్చున్నంతసేపూ నా దృష్టి ఒక్క విషయం మీదే ఉంది. రోగి రక్తనాళాల పరిస్థితిని ఎవరు కనిపెట్టి ఉంటున్నారు, ఎంత తరచుగా చూస్తున్నారు, దేనితో కొలుస్తున్నారు? వాపు క్లోమంలోనే మొదలైనా, ఆ వాపు రక్తంలోకి వదిలిన పదార్థాలు ఒళ్ళంతా ఉన్న రక్తనాళాల గోడలను చెడగొట్టినప్పుడే జబ్బు ప్రాణం మీదికి వస్తుంది. మొదటి వారంలో సంభవించే మరణాలకు ఎక్కువగా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, రక్తప్రసరణ విఫలం కావడమే కారణం. ఆ మూడింటి వెనుకా ఉన్నది ఈ గోడలే.

గాజువాక నుంచి అర్ధరాత్రి ఎన్‌ఏడీ కూడలి మీదుగా తీసుకువచ్చేసరికి తమ్ముడు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకొని, నొప్పి వీపులోకి పొడుచుకుపోతోందని మూలుగుతున్నాడు. క్యాజువాలిటీలో వెంటనే సూది వేసి నొప్పి తగ్గించారు, రక్తం తీశారు, అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలో రాళ్ళు చూశారు. లైపేజ్ అనే క్లోమపు ఎంజైము రక్తంలో సాధారణ పరిమితికి మూడు రెట్ల కన్నా చాలా ఎక్కువ వచ్చింది. తగిన నొప్పి, మూడు రెట్లు దాటిన లైపేజ్ లేదా అమైలేజ్, స్కాన్‌లో కనిపించే మార్పులు అనే మూడింటిలో ఏ రెండు ఉన్నా రోగనిర్ధారణకు సరిపోతాయి కనుక, డ్యూటీ డాక్టర్ సీటీ స్కాన్ రాయలేదు. మా మరదలి అన్నయ్యకు అది నచ్చలేదు. "డబ్బు ముందే కడతాం డాక్టర్ గారూ, స్కాన్ తీయించండి" అని కౌంటర్ దగ్గర గట్టిగానే అడిగాడు. ఆ యువ వైద్యురాలు విసుక్కోకుండా ఇచ్చిన సమాధానం ఈ ఆసుపత్రి మీద నాకు నమ్మకం కలిగించిన మొదటి విషయం. "ఇప్పుడు తీస్తే బాగానే ఉన్నట్టు కనిపించవచ్చండీ. రక్తం అందక చచ్చిపోయిన భాగం స్కాన్‌లో తేలడానికి మూడు రోజులైనా పడుతుంది. అంతకంటే ముందు ఆయన రక్తనాళాల్లో నీరు నిలబెట్టాలి" అన్నారామె.

ఆ మాటలో వైద్యశాస్త్రం చాలా ఉంది. సీటీ స్కాన్‌లో ఎక్కించే కాంట్రాస్ట్ మందు రక్తంతోపాటు ప్రవహిస్తుంది కనుక, రక్తం చేరిన కణజాలం తెల్లగా వెలుగుతుంది, చేరనిది నల్లగా ఉండిపోతుంది. అంటే ఆ స్కాన్‌లో మనం చూసేది క్లోమంలోని సన్న రక్తనాళాలు బతికున్నాయా లేదా అన్నదే. తొలి గంటల్లో ఆ తేడా పూర్తిగా ఏర్పడి ఉండదు. లాభం లేని ఖర్చు చేయించకుండా, ఒంట్లో నీరు తగ్గి ఉన్న మనిషి మూత్రపిండాల మీద అనవసరంగా కాంట్రాస్ట్ భారం వేయకుండా ఆపినందుకు ఆ వైద్యురాలికి ఎన్ని మార్కులైనా వేస్తాను. స్కాన్ మిషన్ ఉన్న ప్రతిచోటా ఆ నిగ్రహం ఉండదు.

ఇక్కడ రక్తనాళాల సంగతి కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే తరువాత నేను చేసే మెప్పూ ఫిర్యాదూ రెండూ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. రక్తనాళాల లోపలి వైపు ఒకే కణం మందంతో ఎండోథీలియం అనే పొర ఉంటుంది. దాని మీద చక్కెరలు, ప్రొటీన్లు కలిసిన గ్లైకోకేలిక్స్ అనే పలుచని పూత ఉంటుంది. రక్తంలోని ద్రవాన్ని లోపలే నిలిపి ఉంచడం, నాళం ఎంత వెడల్పుగా ఉండాలో నిర్ణయించడం, లోపల రక్తం గడ్డకట్టకుండా చూడడం, తెల్ల రక్తకణాలు అకారణంగా గోడకు అతుక్కోకుండా చూడడం ఆ పొర చేసే పనులు. క్లోమశోథంలో, పేగులోకి వెళ్ళాక చురుకు కావలసిన ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైము క్లోమకణాల్లోనే చురుకై కూర్చుంటుంది. దెబ్బతిన్న కణాల నుంచి, అక్కడికి చేరిన తెల్ల కణాల నుంచి టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 6 వంటి వాపును పెంచే పదార్థాలు రక్తంలోకి వస్తాయి. ట్రిప్సిన్ ప్రభావంతో కాలిక్రీన్ వ్యవస్థ మేలుకొని బ్రాడీకైనిన్‌ను తయారు చేస్తుంది. ఇవన్నీ కలిసి ఎండోథీలియం కణాల మధ్య అతుకులను వదులు చేస్తాయి, పైనున్న పూత చిరుగుతుంది, దాని ముక్కలు రక్తంలోకి వచ్చేస్తాయి. ఆ పొర కణాలు తమలో దాచుకొని ఉన్న యాంజియోపోయిటిన్ 2 అనే ప్రొటీన్‌ను కూడా వదులుతాయి. జబ్బు ముదిరి అవయవాలు విఫలమయ్యేవారిలో ఈ ప్రొటీన్ తొలి రోజుల్లోనే ఎక్కువగా ఉంటుందని పరిశోధకులు గమనించారు. మన ఆసుపత్రులలో మామూలుగా చేసే పరీక్షల్లో అది లేదు.

ఫలితంగా, మట్టికుండ గోడ చెమర్చినట్టు కేశనాళికల గోడల నుంచి ద్రవం ఊరుతూ పోతుంది. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా దానితోపాటే బయటికి పోతుంది కనుక, ద్రవాన్ని తిరిగి లోపలికి లాక్కునే శక్తి రక్తానికి తగ్గుతుంది. క్లోమం వెనుక, కడుపులో, ఊపిరితిత్తుల చుట్టూ ఆ నీరు చేరుతుంది. మనిషి ఒళ్ళు ఉబ్బి కనిపిస్తుంది కానీ అతని రక్తనాళాలు మాత్రం ఎండిపోతూ ఉంటాయి. రక్తం చిక్కబడుతుంది. హిమాటోక్రిట్ అనే చవకైన పరీక్ష ఈ చిక్కదనాన్ని పట్టిస్తుంది. చేరినప్పుడు అది 44 శాతం పైన ఉండి, 24 గంటలు గడిచినా దిగకపోతే క్లోమంలో కొంత భాగం చచ్చిపోయే అవకాశం ఎక్కువ. తమ్ముడికి చేరినప్పుడు 49 ఉంది. రక్తంలో యూరియా కూడా పెరుగుతూ ఉంది. ఆ రెండు అంకెలనూ కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో చుట్టి ఉంచడం చూశాను.

ఐసీయూకి ఒక మెట్టు కిందిదైన హై డిపెండెన్సీ యూనిట్‌లో నర్సుల పనితీరు గురించి ఎంత చెప్పినా తక్కువే. మంచం కమ్మీకి వేలాడే మూత్రం సంచికి పైన ఒక చిన్న గట్టి ప్లాస్టిక్ పెట్టె, దాని మీద మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి. గంట కాగానే నర్సు వంగి, తన కంటిని ఆ గీతల ఎత్తుకు తెచ్చి చదివి, షీటులో రాసి, పెట్టెలోని మూత్రాన్ని సంచిలోకి వంచి మళ్ళీ సున్నాకు తెచ్చేది. నిలబడి పైనుంచి చూసి అందాజుగా రాయడం ఒక్కసారి కూడా చూడలేదు. రోగి బరువులో ప్రతి కిలోకు గంటకు అర మిల్లీలీటరు కన్నా తగ్గకుండా మూత్రం రావాలి. డెబ్భై కిలోల మనిషికి అది 35 మిల్లీలీటర్లు. మూత్రపిండాలకు తగినంత రక్తం అందుతోందో లేదో చెప్పే కొలతల్లో ఇంత సులువైనది మరొకటి లేదు. రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌ది శ్రీకాకుళం యాస. "ఏటి నాన్నా, ఆయాసంగా ఉన్నాదా?" అని అడుగుతూనే, అతను జవాబు చెప్పే లోపు ఊపిరులు లెక్కపెట్టేసేది.

సెలైన్ విషయంలో ఈ విభాగం చూపిన పద్ధతే నా దృష్టిలో దీని అసలు యోగ్యత. ద్రవం కారిపోతోంది కనుక ఎంత ఎక్కితే అంత మంచిదని చాలాకాలం అందరూ నమ్మారు. నేను పాఠం చెప్పిన రోజుల్లో పుస్తకాలూ అదే చెప్పేవి. 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వాటర్‌ఫాల్ అనే క్లినికల్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మన దేశంతో సహా నాలుగు దేశాల నుంచి 249 మంది రోగులు అందులో ఉన్నారు. ఒక వర్గానికి మొదట కిలోకు 20 మిల్లీలీటర్ల చొప్పున, తరువాత గంటకు కిలోకు 3 మిల్లీలీటర్ల చొప్పున రింగర్ లాక్టేట్ అనే లవణద్రవం ఎక్కించారు. రెండో వర్గానికి నిజంగా ద్రవలోపం ఉంటేనే మొదట కిలోకు 10, తరువాత గంటకు 1.5 మాత్రమే ఇచ్చారు. ఎక్కువ ద్రవం ఇవ్వడం వల్ల జబ్బు ముదరడం తగ్గలేదు సరికదా, ఒంట్లో ద్రవభారం పెరిగినవారు మొదటి వర్గంలో 20.5 శాతం, రెండో వర్గంలో 6.3 శాతం కావడంతో ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. గోడలు కారుతున్నప్పుడు ఎక్కించిందంతా నాళాల్లో నిలవదు. మిగిలింది ఊపిరితిత్తుల్లోకీ కడుపులోకీ చేరుతుంది, కడుపులో ఒత్తిడి పెరిగితే మూత్రపిండాలకు రక్తం మరింత తగ్గుతుంది.

ఈ విషయం తెలిసిన ఆసుపత్రికీ తెలియని ఆసుపత్రికీ తేడా రాత్రిపూట బయటపడుతుంది. రెండో రాత్రి వరుసగా రెండు గంటలు మూత్రం 20 మిల్లీలీటర్ల దగ్గరే ఆగింది. కొత్తగా డ్యూటీకి వచ్చిన జూనియర్ డాక్టర్ ఇన్‌ఫ్యూజన్ పంప్ వేగం పెంచబోతుంటే సిస్టర్ వారించి, పై డాక్టర్‌కు ఫోన్ చేయించింది. ఆయన వచ్చి ముందు ఊపిరితిత్తులు విన్నారు, చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర ఎంత నిండి ఉందో చూశారు, కణజాలానికి రక్తం చాలుతోందో లేదో సూచించే లాక్టేట్ పరీక్షకు రక్తం పంపారు. ఆ తరువాతే కొద్ది మోతాదులో ఒక బోలస్, అంటే ఒక్క విడతగా త్వరగా ఎక్కించే ద్రవం, ఇచ్చి, మళ్ళీ గంట ఆగి చూడమన్నారు. ఎక్కించినది రింగర్ లాక్టేటే, మామూలు సెలైన్ కాదు. తెల్లవారేసరికి మూత్రం దారిలో పడింది, మధ్యాహ్నానికి హిమాటోక్రిట్ 41కి దిగింది. ఖరీదైన ఆల్బుమిన్ సీసాలు రాయించలేదు. ఇన్‌ఫెక్షన్ ఆధారం లేనప్పుడు ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయోటిక్ పెట్టకూడదన్న నియమాన్ని కూడా పాటించారు. అది మన ఊళ్ళో అరుదు.

పక్క మంచం మీద అనకాపల్లి వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు ఉండేవాడు. అతనికి కారణం మద్యం. రక్తపోటు ఎంతకీ నిలవక, దాన్ని పెంచే నార్‌అడ్రినలిన్ మందు మీద ఉన్నాడు. వాళ్ళమ్మ "ఒంట్లో చీము లేదంటున్నారు, మరి బీపీ ఎందుకు పడిపోతోంది బాబూ?" అని నన్నే అడిగింది. ఆమె ప్రశ్నలోనే ఈ జబ్బు చిక్కు ఉంది. ఇన్‌ఫెక్షన్ ఏదీ లేకుండానే, నైట్రిక్ ఆక్సైడ్, బ్రాడీకైనిన్ వంటివి ఎక్కువై ఒంట్లోని రక్తనాళాలు సడలిపోతాయి. లోపల ఉన్న కాస్త రక్తానికి నాళాలు మరీ వెడల్పు అయిపోయి పోటు పడిపోతుంది. అదే సమయంలో క్లోమం లోపల దీనికి వ్యతిరేకం జరుగుతుంది. ఎండోథీలిన్ 1 అనే పదార్థం అక్కడి సన్న ధమనులను బిగిస్తుంది, తెల్ల కణాలు గోడలకు అతుక్కుంటాయి, ప్లేట్‌లెట్లు గుమిగూడి సూక్ష్మమైన గడ్డలు కడతాయి. క్లోమంలోని చిన్న లంబికలకు రక్తం తెచ్చే ధమనికలు చాలావరకు ఒంటరి దారులు కనుక, ఒకటి మూసుకుంటే మరో దారిలో రక్తం అందదు, ఆ భాగం చచ్చిపోతుంది. ఒళ్ళంతా నాళాలు తెరుచుకుపోయి, చేరవలసిన చోట మాత్రం మూసుకుపోవడం వల్ల ఒకే మందుతో రెండింటినీ సరిదిద్దడం కుదరదు. చెడిపోయిన ఎండోథీలియాన్ని నేరుగా బాగుచేస్తుందని రుజువైన మందు ఇప్పటికీ లేదు. అందువల్లే వైద్యం అంతా కొలవడం, ఆదుకోవడం, వేచి ఉండడం చుట్టూనే తిరుగుతుంది. నర్సు ఒక మంచానికి బదులు నాలుగు మంచాలు చూడవలసిన వార్డులో ఆ వైద్యం నడవదు.

ఊపిరితిత్తుల్లోని కేశనాళికలు కూడా ఇలాగే కారితే ఆక్సిజన్ పడిపోతుంది. తమ్ముడికి ఎడమవైపు కొద్దిగా నీరు చేరి, రెండు రోజులు ముక్కు గొట్టంతో ఆక్సిజన్ పెట్టారు. ఆయాసం లేకపోయినా కూర్చోబెట్టి ఊపిరి వ్యాయామం చేయించిన ఫిజియోథెరపిస్టు ఓపికను ఇక్కడ ప్రస్తావించాలి. అరుదుగా కంటి రెటీనాలోని సన్న నాళాలు కూడా మూసుకుపోయి చూపు మందగిస్తుంది. రౌండ్లలో కన్సల్టెంట్ "చూపు ఎలా ఉంది?" అని అడిగినప్పుడు, ఆ ప్రశ్న ఎందుకో తెలిసిన నాకు ముచ్చటేసింది.

భోజనం గురించి రెండు మాటలు. క్లోమానికి విశ్రాంతి పేరుతో రోజుల తరబడి పస్తు పెట్టే అలవాటు ఇక్కడ లేదు. వాంతులు తగ్గగానే పలచని జావ, తరువాత కొవ్వు తక్కువగా ఉన్న మెత్తని అన్నం మొదలుపెట్టారు. పేగులకు వెళ్ళే రక్తనాళాలు బిగుసుకున్నప్పుడు పేగు గోడ బలహీనపడి, అందులోని బాక్టీరియా బయటికి దాటి, చచ్చిన క్లోమభాగంలో చేరే ప్రమాదం ఉంటుంది. నోటి ద్వారా తొందరగా ఆహారం ఇవ్వడం ఆ గోడను కాపాడుతుంది. అటెండెంట్ల క్యాంటీన్ మాత్రం నాసిరకం. ఉప్మా చల్లగా, కాఫీ నీళ్ళగా ఉంటాయి, బయట బండి దగ్గర ఇడ్లీ తినడం నయం.

మొదటి వారం దాటాక సీటీ తీశారు. క్లోమం తోక దగ్గర కొద్ది భాగంలో కాంట్రాస్ట్ చేరలేదు, పక్కన ద్రవం పోగుపడి ఉంది. రిపోర్టు చివరి పేరాలో, చిన్న అక్షరాల్లో, ప్లీహ సిరలో పాక్షికంగా రక్తం గడ్డకట్టినట్టు రాసి ఉంది. ఇది ఊహించని సంగతి కాదు. ప్లీహం నుంచి వచ్చే సిర క్లోమం వెనుకగా దానికి ఆనుకొనే పోతుంది. పక్కనే వాపు, గోడ పొర చెడి గడ్డకట్టే స్వభావం, పోగైన ద్రవం ఒత్తిడి వల్ల నెమ్మదించిన ప్రవాహం, ఈ మూడూ అక్కడ కలుస్తాయి. ఆ సిర పూర్తిగా మూసుకుపోతే ప్లీహం రక్తం జీర్ణాశయం పైభాగపు సిరల గుండా పక్కదారి పడుతుంది. ఆ సిరలు ఉబ్బి, ఎప్పుడో ఒకనాడు రక్తం కక్కించవచ్చు. గడ్డ కాలేయానికి వెళ్ళే పోర్టల్ సిర దాకా పాకితే రక్తం పలుచబరిచే మందు గురించి గట్టిగా ఆలోచిస్తారు. ప్లీహ సిరకే పరిమితమైతే అందరికీ ఆ మందు ఇవ్వాలా వద్దా అన్న విషయంలో వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. ఏ నిర్ణయమైనా సరే, అది రోగికి చెప్పవలసిన నిర్ణయం.

నా ప్రధాన ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. ఇంత జాగ్రత్తగా చూసిన విభాగం ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీలో ఆ గడ్డ ప్రస్తావనే లేదు. రోగనిర్ధారణ గడిలో క్లోమశోథం, పిత్తాశయపు రాళ్ళు అని రాసి, మందుల పట్టిక ఇచ్చి, పదిహేను రోజుల తరువాత ఓపీకి రమ్మన్నారు. నల్లటి మలం వచ్చినా, రక్తపు వాంతి అయినా, కళ్ళు తిరిగి పడిపోయినా, ఉన్నట్టుండి కడుపునొప్పి మళ్ళీ వచ్చినా వెంటనే రావాలన్న ఒక్క వాక్యం కూడా లేదు. ఈ జబ్బులో ఇది చిన్న లోపం కాదు. క్లోమం నుంచి బయటపడిన ఎలాస్టేజ్ వంటి ఎంజైములు పక్కనున్న ధమని గోడను కొద్దికొద్దిగా తినివేస్తే, అక్కడ సూడోఎన్యూరిజం అనే బుడగ ఏర్పడుతుంది. ప్లీహ ధమనిలో ఇది ఎక్కువగా వస్తుంది, తరువాత గ్యాస్ట్రోడ్యుయోడినల్ ధమనిలో. వారాల తరువాత, ఒక్కోసారి నెలల తరువాత, రోగి ఇంట్లో మామూలుగా తిరుగుతున్నప్పుడు అది పగలవచ్చు. పెద్ద రక్తస్రావానికి ముందు కొద్దిపాటి రక్తస్రావం హెచ్చరికగా రావడం కద్దు. దాన్ని గుర్తించి వచ్చిన మనిషికి సీటీ యాంజియోగ్రామ్ తీసి, తొడ దగ్గరి ధమని గుండా సన్న గొట్టం పంపి, కాయిల్స్ అనే సన్న లోహపు తీగచుట్లతో ఆ బుడగను మూసివేయగలరు. గుర్తించని మనిషికి ఆ అవకాశం దక్కదు.

డిశ్చార్జి కౌంటర్ దగ్గరే నేను ఈ విషయం అడిగితే, అక్కడి ఉద్యోగి "సార్, సమ్మరీ సిస్టంలో లాక్ అయిపోయింది, మార్చాలంటే మళ్ళీ అప్రూవల్‌కి వెళ్ళాలి" అన్నాడు. ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే టీపీఏ సంస్థ అప్రూవల్ కోసం ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చున్నవాడికి మళ్ళీ అప్రూవల్ అన్న మాట ఎలా వినిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. రాత్రిపూట ధమనిలో రక్తస్రావమైతే కాయిల్ పెట్టే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు అందుబాటులో ఉంటారా అన్న ప్రశ్నకు హెల్ప్‌డెస్క్‌లో ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. ఈ జబ్బుకు ఆసుపత్రిని ఎంచుకునేవారు లాబీలోని పాలరాయి కన్నా ముందు అడగవలసిన ప్రశ్న అది. గుండెపోటు కోసం క్యాథ్‌ల్యాబ్ ఉన్న చోటల్లా కడుపులోని ధమనులకు కాయిల్ పెట్టేవారు ఉంటారని అనుకోవడానికి లేదు.

ఓపీలో పరిస్థితి మళ్ళీ మెరుగు. టోకెన్ పద్ధతి సరిగ్గా నడుస్తుంది, సముద్రపు గాలి ఉక్కపోతలో గంటలు నిలబడనవసరం లేదు. కన్సల్టెంట్ స్కాన్ ఫిల్మును లైట్ బాక్సు మీద పెట్టి ప్లీహ సిర ఎక్కడుందో, గడ్డ ఎంతవరకు ఉందో తమ్ముడికి వేలితో చూపించారు. పలుచబరిచే మందు ఇప్పుడు ఎందుకు ఇవ్వడం లేదో, ఏ లక్షణం కనిపిస్తే అర్ధరాత్రయినా రావాలో చెప్పారు. ఆ మాటలను నేను అడిగితే తన చేత్తోనే సమ్మరీ వెనుక తెలుగులో రాసి సంతకం చేశారు. పిత్తాశయం తీసే ఆపరేషన్‌ను వాయిదా వేయడం కూడా సరైన నిర్ణయమే. స్వల్పంగా వచ్చిన క్లోమశోథంలో అయితే అదే అడ్మిషన్‌లో పిత్తాశయం తీసేయడం మేలు, లేకపోతే రాయి మళ్ళీ జారి జబ్బు తిరగబెట్టవచ్చు. కానీ ద్రవం పోగుపడి ఉన్నప్పుడు అది తగ్గేదాకా, సాధారణంగా ఆరు వారాల దాకా, ఆగుతారు. డిశ్చార్జినాడు ఇదే మాట చెప్పి ఉంటే, ఆపరేషన్ ఎగ్గొట్టారేమోనని మా మరదలు అన్ని రోజులు కుమిలిపోయేది కాదు.

ఖర్చు విషయంలో పెద్దగా రాయడానికి లేదు. హై డిపెండెన్సీ యూనిట్ రోజువారీ చార్జీలు నగరంలోని ఈ స్థాయి ఆసుపత్రులతో సమానంగానే ఉన్నాయి. మందులు లోపలి ఫార్మసీలోనే కొనాలి, బయటి నుంచి తెచ్చుకోనివ్వరు. అడ్వాన్సు కట్టే వరకు క్యాజువాలిటీ నుంచి పైకి మార్చకపోవడం చికాకు కలిగించింది, అయితే ఆ సమయంలో సెలైన్ గానీ నొప్పి మందు గానీ ఆపలేదు.

ఆపరేషన్‌కు ముందు తీసిన రెండో స్కాన్‌లో ద్రవం చాలావరకు ఇంకిపోయింది, ధమనుల్లో బుడగలు లేవు. ప్లీహ సిర మాత్రం పూర్తిగా తెరుచుకోలేదు, దాని పక్కన కొత్తగా చిన్న సిరలు ఏర్పడ్డాయి. సర్జన్ ఆ సంగతి ముందే చెప్పి, ఎండోస్కోపీతో జీర్ణాశయం సిరలను చూపించుకొని రమ్మని, రక్తం సిద్ధంగా ఉంచమని బ్లడ్ బ్యాంకుకు రాసిచ్చారు. ఆపరేషన్ సాఫీగా జరిగింది. ఈసారి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీలో ప్లీహ సిర గురించి రెండు లైన్లు ఉన్నాయి. ప్రమాద లక్షణాల పట్టిక ఇప్పటికీ ఇంగ్లీషులోనే ఉంది. ఐదింటికి మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన వాటిలో ఒకటి మొదటి డిశ్చార్జి కాగితానికి, మిగిలిన అర రాత్రిపూట రేడియాలజీ ప్రశ్నకు ఇంకా రాని జవాబుకు.